నడి మడిలో వదిలిన ముక్క

ఇటు జరుగు రిషితా, ఇంకొంచెం దగ్గరికి. నా గొంతు ఇదివరకటిలా పైకి లేవదు. పైగా ఇది గట్టిగా చెప్పే కథ కాదు. ఆ పిల్లిని ఒళ్ళోంచి దించకు, ఉండనీ. దాని ఎడమ కంటిలో ఆ తెల్లమచ్చ ఏమిటని పొద్దున అడిగావు కదా. తర్వాత చెప్తానన్నాను, ఎందుకంటే అప్పుడు మీ గోవర్ధన్ మామ ఇక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇప్పుడు చిట్యాలకు పోయాడు. ఆయన వచ్చేలోపు చెప్పేస్తాను.

మీ సుష్మిత వదిన పెళ్ళికి నువ్వు వచ్చావు, మిఠాయి దగ్గరే నిలబడి ఫోటోలన్నిట్లో పడ్డావు. కానీ ఆ పెళ్ళి ఎట్లా కుదిరిందో నీకు తెలియదు. మీ అమ్మకు కూడా సగమే తెలుసు. పిల్లి లేకపోతే ఆ పెళ్ళి లేదు. పిల్లి కన్ను బాగుండి ఉంటే కూడా లేదేమో.

ఆ ఏడు కార్తీకంలో మన చుట్టుపక్కల ఊళ్ళలో వరి అంతా ఒక్కసారే పండింది. కోత మిషన్లు దొరకలేదు. నా కొడుకు, అదే మీ మామ, ఎవరెవరికో ఫోన్లు చేసి నెల్లికుదురు నుంచి ఒక చైన్ మిషన్ రప్పించాడు. తడి మడిలో దిగబడకుండా నడిచేది. దాన్ని నడిపే అబ్బాయి పేరు సంజీవ. మిషన్ వాళ్ళ మేనమామది, కష్టం ఇతనిది. పంట ఎక్కడ పండితే అక్కడికి పోతారు వాళ్ళు. అప్పటికే నెల్లికుదురు అయిపోయింది, జనగామ వైపు అయిపోయింది, మన దగ్గర అయిపోతే కాటారం అడవి అంచు ఊళ్ళకు పోవాలి.

మిషన్ మడిని ఎట్లా కోస్తుందో చూశావా? గట్టు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. మడిలో ఉన్న జీవాలన్నీ, ఎలుకలు, పిట్టలు, కుందేళ్ళు, చప్పుడుకు భయపడి లోపలికి లోపలికి జరుగుతాయి. ఆఖరికి నడుమ ఒక చిన్న ముక్క మిగులుతుంది, అన్నీ అందులోనే. ఇక మన వాళ్ళు కర్రలు పట్టుకుని, కుక్కలను వెంటబెట్టుకుని చుట్టూ నిలబడతారు. కుందేలు దొరికితే ఆ పూట కూర.

ఆ రోజు సాయంత్రం సంజీవ కాలువ పక్క మడి అంతా కోసి, నడుమ ముక్క కోయకుండా మిషన్ ఆపేశాడు. పడమటి దిక్కున మబ్బు నల్లగా పట్టింది. గోవర్ధన్ వడ్ల కొనుగోలు సెంటర్ దగ్గర ఉన్నాడు. ఇంటివాళ్ళలో మడి దగ్గర ఉన్నది నేను, సుష్మిత. డిగ్రీ అయిపోయి ఏవో పరీక్షలకు చదువుతోందప్పుడు. పుస్తకం మూయడానికి వంక దొరికితే చాలు, మడి దగ్గరికి వచ్చేది.

"ఓ అన్నా, గా ముక్క ఎందుకు వదిలేసినవ్?" అంది గట్టు మీద నుంచి.

"రేపు పొద్దున కోస్త మేడం," అన్నాడు అతను, దిగి చేతులు తుడుచుకుంటూ.

"రేపా? మబ్బు ఎట్ల పట్టిందో కనబడ్తలేదా?"

"కనబడ్తున్నది. గందుకే మిగిలిందంత జల్ది జల్ది కోసిన."

"మరి గదొక్కటే బరువైందా? నిద్ర నీకొచ్చిందా, మిషన్‌కొచ్చిందా?"

"మిషన్‌కే వచ్చింది. ఇప్పుడే జోకొట్టి దిగిన."

నాకు నవ్వొచ్చింది. సుష్మితకు రాలేదు. అది నవ్వు ఆపుకుంటే ముక్కు పైభాగం ముడుచుకుంటుంది. అప్పుడు ముడుచుకుంది, నేను చూశాను.

"మా బాపు వస్తే జోకొట్టుడు తెలుస్తది," అని నా చేతిలో ఉన్న కొడవలి లాక్కుంది. "నువ్వు కోయకపోతే నేను కోస్త."

"మేడం, అటు పోకుండ్రి."

"నా మడి, నా ఇష్టం."

చరచరా లోపలికి పోయింది. కర్రలు పట్టుకున్న వాళ్ళు నవ్వుతున్నారు. కొడవలి చప్పుడు మాత్రం వినబడలేదు. కాసేపటికి బయటికి వచ్చింది, కొడవలి చంకలో, రెండు చేతులు దోసిలి పట్టి. దోసిట్లో ఇంత పిల్లికూన. బూడిద రంగు, ఒంటి మీద చారలు. రెండు కళ్ళూ పసుపు పచ్చ చీముతో అతుక్కుపోయి ఉన్నాయి. నోరు తెరుస్తోంది కానీ అరుపు రావడం లేదు.

సంజీవ ముఖం మాడిపోయింది. "ఎందుకు ముట్టుకున్నరు? తల్లి వస్తుండె."

"ఏ తల్లి?"

"పొద్దుగాల్నుంచి చూస్తున్న. పిల్లి ఒక్కొక్క కూనను నోట్ల పట్టుకొని కాలువ అవతలికి మోస్తున్నది. ఇంకొకటి లోపల ఉన్నదని ఎరుకే. గది గూడ తీస్కపోయేదాక ఆగుదమని ఆపిన."

"గా మాట ముందే చెప్పొద్దా?"

"చెప్తే నవ్వుతరు. పిల్లి కోసం కోత ఆపినోడంటరు."

ఇద్దరూ కాలువ గట్టు వెంట వెతుక్కుంటూ పోయారు. వెనకాల నేను. తల్లి తూము పక్కన పడి ఉంది. కుక్కలు కరిచినట్టున్నాయి. ముందు మోసిన కూనల జాడ కూడా లేదు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పెద్ద వాన కాదు, తడుపుదామా వద్దా అని ఆలోచించుకునే వాన. సంజీవ భుజం మీది తువ్వాల తీసి అందించాడు. ఆమె కూనను అందులో చుట్టింది. చుట్టేటప్పుడు ఇద్దరి చూపులూ ఒకసారి కలిశాయి, వెంటనే చెరో పక్కకు పోయాయి.

"ఇప్పుడిది ఎవలది?" అంది సుష్మిత.

"మీరు చేతుల పట్టుకున్నరు, మీదే."

"నువ్వు మిషన్ ఆపినవ్. నీది."

నేను మధ్యలో పడ్డాను. "ఇద్దరిది. పొద్దున లేవంగనే దవాఖానకు తీస్కపోదాం. అటెన్క కొట్లాడుకుందురు గని."

ఆ రాత్రి వానకు నడుమ ముక్క వాలిపోయింది. పొద్దున గోవర్ధన్ చూసి అతన్ని చెడామడా తిట్టాడు. సర్పంచ్‌గా చేసిన మనిషి, తిట్టడం కూడా సభలో మాట్లాడినట్టే ఉంటుంది. సంజీవ తల వంచుకుని అంతా విని, పిల్లి మాట ఎత్తకుండా వాలిన ముక్క మెల్లగా కోసి పెట్టాడు. ఇంటికి వచ్చాక గంపలో ఉన్న కూనను చూసి మీ మామ అన్నాడు, "బంగారమసొంటి వరి వాలగొట్టి తాలు గింజ తెచ్చుకున్నరా?"

తాలు గింజ అంటే తెలుసు కదా, లోపల బియ్యం లేని పొట్టు గింజ. సుష్మితకు రోషం వచ్చి దానికి గింజ అనే పేరు పెట్టింది. ఆ పేరే నిలిచింది.

చిట్యాల పశువుల దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ ఉండేది. కూనను అరచేతిలో పెట్టుకుని, తడి దూదితో మెత్తగా నానబెట్టి రెప్పలు విడదీసింది. కుడికన్ను ఎర్రగా కనబడింది. ఎడమకన్ను చూడటానికి ఆమె టార్చ్ తెచ్చుకుంది.

"కుడిది మంచిగైతది. ఎడమ కంట్ల పుండున్నది," అంది. "చుక్కలు విడవకుండ వెయ్యాలె. కాచి చల్లార్చిన నీళ్ళతోని తుడవాలె, ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వాడొద్దు. ముట్టుకున్నంక చేతులు కడుక్కోవాలె. బర్రెపాలు అరగవు, మేకపాలు పలుచగ చేసి పట్టున్రి. ఇద్దరుంటెనే ఇది అయ్యే పని. ఒకళ్ళు పట్టుకోవాలె, ఒకళ్ళు వెయ్యాలె."

"ఎడమ కన్ను పోతదా?" అని సుష్మిత అడిగింది.

"ఇప్పుడే చెప్పలేను. మీరు చూసుకునే దాన్ని బట్టి ఉంటది."

ఆ మాట సుష్మిత మనసులో మేకులా దిగింది. తను తొందరపడి ముట్టుకోకపోయినా తల్లి తిరిగి వచ్చేది కాదని తెలుసు. అయినా ముట్టుకున్నది తనే. ఆ కన్ను నిలబెట్టాలి, అంతే.

పట్టుకోవడానికి రెండో మనిషి ఎవరు? శశికళకు, మీ అత్తకు, పిల్లి అంటే తుమ్ములు. నన్ను పట్టుకోమంటే, నా చేతులు వణుకుతాయని చెప్పాను. ఆ రోజుల్లో నా చేతులు నిజంగానే కొంచెం ఎక్కువ వణికాయి. "ఆ మిషన్ పిలగాడు పక్క మడిలనే కోస్తున్నడు గద, పగటీలి బువ్వ తినే టైంకు వచ్చి పట్టుకోమను," అన్నాను.

అట్లా రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు, మళ్ళీ పొద్దు గుంకేటప్పుడు వచ్చేవాడు. అరుగు మీదే కూర్చునేవాడు, లోపలికి రాడు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. అయినా వడ్ల దుమ్ము వాసన పోయేది కాదు. కూనను పాత టవల్‌లో తల ఒక్కటే కనబడేలా చుట్టి పట్టుకునేవాడు. ఆమె చుక్క వేసేది.

"గట్టిగ పట్టకు, అది వడ్ల బస్తా కాదు," అనేది.

"నువ్వు సూటిగ వెయ్యి. తెల్వని ప్రశ్న వదిలేసినట్టు పక్కకు వదిలేస్తున్నవ్."

"నా పరీక్షల సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"అవ్వ చెప్పింది."

"బాపమ్మా," అని నా వైపు తిరిగింది.

నేను చిక్కుడుకాయలు గిల్లుకుంటూ, చెవులు వినబడనట్టు ఉండేదాన్ని.

ఒక సంగతి గమనించాను రిషితా. మొదటి రోజు "ఓ అన్నా" అని పిలిచింది కదా. మన దగ్గర తెలియని మగపిల్లలందరినీ అన్నా అనే పిలుస్తాం. కూనను పట్టుకోవడానికి వచ్చిన మొదటి పూట కూడా అన్నే. తర్వాత ఆ అన్న ఎప్పుడు జారిపోయిందో, పిలుపే లేకుండా "ఇగో", "ఇటు చూడు" అనడం మొదలైంది. ఆ తర్వాత పేరు వచ్చింది. అతనూ అంతే, మేడం పోయింది, మీరు పోయింది, నువ్వు మిగిలింది. శశికళకు ఇవేమీ వినబడలేదు. తుమ్ముల వల్ల కావచ్చు.

ఒక మధ్యాహ్నం గింజ కుడికన్ను పూర్తిగా తెరిచింది. నీలంగా, కడిగిన గాజుపూసలా ఉంది. ఇద్దరూ దాని మీదికి వంగారు.

"ముందుగాల నన్నే చూసింది," అన్నాడు సంజీవ.

"చూసి మళ్ళ మూసుకున్నది, అది గూడ చెప్పు."

నవ్వారు. నవ్వు అయిపోయాక ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయని గుర్తొచ్చి, ఆమె దూది వెతుక్కుంది, అతను చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"నడుమ ముక్క ఎప్పుడూ గిట్లనే వదుల్తవా?" అని అడిగింది కాసేపాగి.

"వదుల్త. మిషన్ నేర్చుకున్న ఏడు ఒకపారి అంత కోసిన. కుందేలు పిల్లలుండె లోపల. చూసుకోలే. ఆ పూట బువ్వ తినబుద్ధి కాలే." గింజ మెడ కింద వేలితో గోకాడు. "రైతులు తిడ్తరు. పిలిచినోళ్ళు మళ్ళ పిలువరు. ఏం జేస్త."

"ఇక్కడ అయిపోతే కాటారమేనా?"

"కాటారం. అటెన్క ఇంటికి. యాసంగి పంటకు ఎవరు పిలిస్తే అటు పోవుడే."

"ఎవరు పిలిస్తే అటేనా?"

"పిలిచేటోళ్ళను బట్టి గూడ ఉంటది."

సుష్మిత చుక్కల సీసా మూత పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. ఏదో చెప్పబోయింది. అప్పుడే బయట గోవర్ధన్ బండి చప్పుడైంది. "మిషన్ డ్రైవర్‌కు మా అరుగు మీద ఏం పని?" అని మీ మామ అడగకుండానే అడిగినట్టు చూసేవాడు కాబట్టి, సంజీవ లేచి వెళ్ళిపోయాడు. రేపు చెప్తుందిలే అనుకున్నాను నేను.

మరునాడు పొద్దున గింజ పాలు తాగలేదు. ఎడమకన్ను ఉబ్బి, నీలితెలుపు పొర కమ్మినట్టు అయిపోయింది. సుష్మిత చెప్పులు కూడా వేసుకోకుండా దవాఖానకు పరుగెత్తింది.

డాక్టరమ్మ చూసి, "నేనిచ్చిన మందు గాక వేరే చుక్కలేమన్న వేసిన్రా?" అంది. "కోతల టైంల కండ్లు ఎర్రగైతే మెడికల్ షాపుల అడిగి తెచ్చుకుంటరు చూడు, గసొంటివి? ఎర్రదనం ఒక్క పూటల పోతది. గని పుండున్న కంట్ల పడితే పుండు లోపలికి దిగుతది."

నీకు తెలియదు బిడ్డా, కోతల కాలంలో ఆ దుమ్ముకు ఊరందరి కళ్ళూ మిరపపండ్లలా ఉంటాయి. డాక్టరును ఎవరూ అడగరు. ఎర్రమూత సీసా ఒకటి తెచ్చుకుని, ఇంటిల్లిపాదీ వేసుకుంటారు, పక్కింటికి కూడా ఇస్తారు. సంజీవ మిషన్‌లో స్టీరింగ్ పక్కన కూడా అదే సీసా ఉంది. సుష్మిత అంతకుముందే చూసింది.

మధ్యాహ్నం అతను వచ్చేసరికి ఆమె అరుగు మీద నిలబడే ఉంది.

"ఎర్రమూత చుక్కలు వేసినవా దీనికి?"

"లేదు. నేనెందుకు వేస్త?"

"మరి ఆకాశంల నుంచి పడ్డయా? నీ మిషన్ల నా కండ్లతోని చూసిన. దీన్ని ముట్టుకునేది నువ్వు, నేను. నేనైతే వెయ్యలే."

అతను ఏదో అనబోయాడు. అతని చూపు ఆమె వెనకాల ఉన్న కిటికీ మీద పడి ఆగింది. ఆ కిటికీలో మీ మామ కళ్ళజోడు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అతను దాన్నే చూస్తున్నాడనుకున్నాను. నోరు మూసుకున్నాడు.

"చెప్పు," అంది సుష్మిత.

"జరిగిందేదో జరిగింది. ఇగ డాక్టరమ్మ మందు తప్ప ఏదీ వెయ్యనియ్యకు."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

దానికి జవాబు చెప్పలేదు. ఆమె కూనను తీసుకుని వెనక్కి తిరిగి లోపలికి పోయింది. అతను కిటికీ దగ్గరికి పోయి, చేయి చాచి పైన ఉన్న ఎత్తు గూట్లో ఏదో పెట్టాడు. సర్దే అలవాటు ఉన్న పిల్లవాడు, ఏదో సర్దుతున్నాడనుకున్నాను. "పోయొస్త అవ్వా," అన్నాడు. ఎప్పుడూ "పోయొస్త" అనే అనేవాడు, కానీ ఆ రోజు రాని వాడు అన్నట్టు అన్నాడు.

మరునాడు మిషన్ లారీ ఎక్కి కాటారం పోయింది. ఈ గొడవేదీ గోవర్ధన్‌కు మేం చెప్పలేదు.

ఆ తర్వాత చుక్కలు వేసేది సుష్మిత, పట్టుకునేది నేను.

"బాపమ్మా, నీ చేతులు వణుకుతయంటివి గద."

"తగ్గినయ్."

నన్ను ఒకసారి చూసి తల దించుకుంది. కూన మీద ఒక చుక్క పడింది. అది మందు చుక్క కాదు.

గింజ కొంచెం కొంచెంగా కోలుకుంది. వాపు తగ్గింది. పుండు మానింది కానీ ఆ మానిన చోట ఈ మచ్చ మిగిలింది. వెలుగు తెలుస్తుంది, బొమ్మ సరిగ్గా కనబడదు అని డాక్టరమ్మ చెప్పింది. ఇక మందు ఆపేయమంది. ఆపేసిన నాడు సుష్మిత ఖాళీ సీసా కడిగి, పారేయలేక, తన పుస్తకాల పక్కన పెట్టుకుంది. ఫోన్ చేయి, అడుగు అని నేను అన్నాను. "ఒక్క మాట నిజం చెప్పనోనితోని ఏం మాట్లాడుదు?" అంది. అది అబద్ధం చెప్పినవాళ్ళను క్షమిస్తుంది కానీ, నిజం అడిగితే నోరు కట్టేసుకునే వాళ్ళను క్షమించదు. వాళ్ళ నాన్న పోలిక.

ఆ నాన్న సంగతి చెప్పాలి. తాలు గింజ, తాలు గింజ అంటూనే సాయంత్రం పేపర్ చదివేటప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకునేవాడు. ఎవరైనా వస్తే కిందికి తోసేసేవాడు. మేము చూడనట్టు ఉండేవాళ్ళం.

ఒకనాడు పొద్దున, ఎండ అప్పుడే అరుగు ఎక్కుతోంది. గోవర్ధన్ టార్చ్ లైటు కోసం పైన ఎత్తు గూట్లో వెతుకుతున్నాడు. "అరే, నా కండ్ల మందు ఇక్కడున్నదా? సెంటర్ల పోగొట్టుకున్న అనుకున్న గద," అన్నాడు. చేతిలో ఎర్రమూత సీసా. కుర్చీలో వెనక్కి వాలి తన కళ్ళల్లో చెరొక చుక్క వేసుకున్నాడు. గింజ వచ్చి ఒళ్ళోకి ఎక్కింది. దాని గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"దా, నీకు గూడ ఒకటేస్త, ఆనాడేసినట్టు."

సుష్మిత పాల గిన్నె పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"బాపూ, ఆనాడంటే ఏనాడు?"

గోవర్ధన్ చేయి అట్లాగే ఆగిపోయింది. నేను పోయి సీసా లాక్కున్నాను.

"దాని కన్ను గంత ఎర్రగుంటే చూడబుద్ధి కాలే," అన్నాడు మెల్లగా. "నా కండ్లకు దీంతోనే తగ్గింది గద. దీనికి గూడ తగ్గుతదనుకున్న. మీకు చెప్తే నవ్వుతరని చెప్పలే."

"ఎన్నిమార్లు?"

"రెండుపూటలు. అటెన్క సీసా కనబడలే." బిడ్డ ముఖం చూసి కంగారు పడ్డాడు. "ఏమైంది?"

సుష్మిత గడప మీదే కూర్చుండిపోయింది. డాక్టరమ్మ అన్న మాట, తను సంజీవను అన్న మాట, అన్నీ చెప్పింది. నేను ఆ గూటి వైపు చూశాను. నా చేయి అక్కడికి అందదు. శశికళ చేయి అందదు. సుష్మిత చేయి అందదు. గోవర్ధన్ పెట్టలేదు. అప్పుడు నాకు అర్థమైంది ఆ రోజు అతను సర్దింది ఏమిటో. కళ్ళజోడు పక్కన ఆ సీసా చూశాడు, ఎవరు వేశారో తెలుసుకున్నాడు, మళ్ళీ వేయకుండా అందని చోట పెట్టాడు, మాట తన మీద వేసుకుని పోయాడు. ఆ మాటే వాళ్ళకు చెప్పాను.

గోవర్ధన్ చాలాసేపు గింజ వీపు నిమురుతూ కూర్చున్నాడు.

"అంటే గా పిలగాడు తెలిసి గూడ చెప్పలే."

"చెప్పలే," అంది సుష్మిత.

"నువ్వు ఫోన్ చేస్తవా?"

"ఏమని చెయ్యాలె?"

"నువ్వొద్దు. ఇది ఫోన్ల చెప్పే ముచ్చట గాదు, నువ్వు చెప్పేది గాదు." లేచి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. "కారు తాళం తే."

నేనూ ఎక్కాను. వద్దంటే ఆగే మనిషిని కాను. గింజ గంప నా ఒళ్ళో. భూపాలపల్లి దాటి కాటారం పోయేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు, గింజ తప్ప.

మిషన్ ఏ ఊళ్ళో ఉందో అడుగుతూ తిరిగేసరికి పొద్దు వాలింది. అడవి అంచున మడి. మిషన్ అప్పటికే చుట్టూ కోసేసి, నడుమ ముక్క దగ్గర ఆగి ఉంది. సంజీవ కింద కూర్చుని రెంచీతో ఏదో బిగిస్తున్నాడు. ఆ మడి రైతు, కాటమయ్య అట, గట్టు మీద నుంచి కేకలేస్తున్నాడు. గోవర్ధన్ తెల్లబట్టలతో, చెప్పులు చేతపట్టుకుని, బురదలో, కోసిన వరి మోళ్ళ మధ్య నడుచుకుంటూ పోయాడు. నా కొడుకు ఎవరి దగ్గరికీ అట్లా నడిచిపోవడం నేను చూడలేదు. ఊరివాళ్ళే అతని దగ్గరికి వచ్చేవాళ్ళు.

సంజీవ లేచి నిలబడ్డాడు. "సాబ్, మీరా?"

"దాని కంట్ల మందు వేసింది నేను," అన్నాడు గోవర్ధన్. అందరికీ వినబడేలా అన్నాడు, సభలో అన్నట్టే. "నీకు ఎరుకే. ఎరుక ఉండి గూడ మాట పడ్డవ్. నాకు ఇయ్యాల పొద్దున తెలిసింది. గందుకే వచ్చిన."

సంజీవ రెంచీ చంకలో పెట్టుకుని, "చాయ్ తాగుతరా సాబ్?" అన్నాడు.

గోవర్ధన్ పక్కకు తప్పుకున్నాడు. వెనకాల సుష్మిత, చేతుల్లో గింజ.

"నోరు లేదా నీకు?" అంది. "ఒక్కమాట చెప్తే ఏమైతుండె?"

"చెప్తే నువ్వు మీ బాపుతోని కొట్లాడుతుంటివి." చేతులు తువ్వాలకు తుడుచుకుంటున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు. "నేను ఎట్లయిన పోయేటోన్ని. ఆయన నీ ఇంట్ల ఉండేటాయన. ప్రేమతోని వేసిండు, తెల్వక వేసిండు. ఆయనను నీ ముందల తక్కువ చేసి నేను ఏం బాగుపడ్త?"

సుష్మిత గింజను అతని చేతుల్లో పెట్టింది. అతను దాన్ని వెలుగు వైపు తిప్పి ఎడమకన్ను చూశాడు.

"కనబడుతదా?"

"వెలుగు తెలుస్తది."

"బతికిందిలే."

"సంజీవా, నేను తప్పు మాట్లాడిన."

"ఆఁ, మస్తు మాట్లాడినవ్. రాత్రి పండుకుంటే ఒక్కొక్కటి యాదికొచ్చేది. ఆకాశంల నుంచి పడ్డయా అన్నవ్ చూడు, అదొక్కటి మంచిగుండె."

ఆమె ముక్కు పైభాగం ముడుచుకుంది. ఈసారి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"చుక్కల మందు అయిపోయింది," అంది.

"మంచిదే గద."

"మంచిది కాదు. నిన్ను రమ్మని పిలువనీకి ఇప్పుడు నా దగ్గర ఏం వంక లేదు. వంక లేకుండనే పిలుస్తున్న. వస్తవా?"

సంజీవ గింజను చూశాడు, మడిని చూశాడు, ఆమెను చూశాడు. "యాసంగి దాక ఆగాల్నా?" అన్నాడు.

అప్పుడు కాటమయ్య గట్టు మీద నుంచి అరిచాడు. "డ్రైవరూ, ముచ్చట్లైనయా? పొద్దు గుంకుతున్నది. గా ముక్క కోస్తవా కొయ్యవా?"

"రేపు పొద్దున కోస్త బాపూ. లోపల నెమలి పిల్లలున్నయ్."

"నెమలికి నేను పెట్టుబడి పెట్టిన్నా?"

గోవర్ధన్ గట్టు ఎక్కి అతని పక్కన నిలబడ్డాడు. "రేపు కోస్తడు తియ్యే అన్నా. మబ్బు లేదు, వాన లేదు. ఒక్క రాత్రికి ఏం బోదు."

"నువ్వెవలే మధ్యల? గా పిలగాడు నీకేమైతడు?"

నా కొడుకు మడిలో నిలబడి ఉన్న ఇద్దరినీ చూశాడు. వాళ్ళ మధ్య బూడిదరంగు పిల్లి ఒక్క కన్ను నీలంగా, ఒక్క కన్ను తెల్లగా పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"మా ఇంటి పిలగాడే," అన్నాడు.

సంజీవ చంకలోని రెంచీ బురదలో పడింది. సుష్మిత నా వైపు చూసింది. నేను గంప సర్దుకుంటున్నట్టు తల వంచాను, ముసలి కళ్ళకు దుమ్ము తొందరగా తగులుతుంది.

మిగతాది నువ్వు చూసిందే. నెల్లికుదురు నుంచి వాళ్ళ అమ్మానాన్న వచ్చారు, మాటలయ్యాయి, వైశాఖంలో పెళ్ళయింది. ఆ మధ్య యాసంగి కోతలకు మన మడి కోసింది సంజీవే. నడుమ ముక్క వదిలేశాడు. మాజీ సర్పంచ్ గోవర్ధన్ ఎండలో గొడుగు పట్టుకుని, కర్ర పట్టుకుని ఆ ముక్క పక్కన నిలబడ్డాడు. కుందేలు కోసం కాదు, కుక్కలను తరమడానికి. ఊరివాళ్ళు ఆయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

ఇదీ ఆ మచ్చ కథ. గుర్తు పెట్టుకుంటావా? జనగామ పోయాక మీ అమ్మకు చెప్పు, మీ క్లాసులో పిల్లలకు చెప్పు, రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళకూ చెప్పు. నేను చెప్పినట్టే చెప్పనక్కరలేదు, నువ్వు కొంచెం అటూఇటూ చేసుకో. కానీ సీసాను ఎత్తు గూట్లో పెట్టిన సంగతి మాత్రం వదలకు. గోవర్ధన్ బురదలో నడిచిపోయిన సంగతి కూడా.

ఆగు. వినబడుతోందా, మీ మామ బండి మలుపు తిరిగింది. నాకు వినబడలేదు, గింజ చెవులు చూసి చెప్తున్నాను. చూడు, ఒళ్ళోంచి దిగింది. ఎవరు పిలిచినా కదలదు, ఆ బండి వస్తే మాత్రం వాకిట్లోకి పరుగెత్తుతుంది. రోజూ ఇంతే.

ఇది కూడా కలిపి చెప్పు.